సన్నని అక్షరానికి తగిన చోటు: విజయవాడ శుభలేఖల ప్రెస్సులకు, డిజైనర్లకు బహిరంగ లేఖ

విజయవాడలో శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సుల యజమానులకు, డిజైనర్లకు, నాలాగే రోజంతా కీబోర్డు ముందు కూర్చునే డీటీపీ ఆపరేటర్లకు,

నమస్కారం.

గవర్నర్‌పేటలో ఒక పాత మేడమీద గదిలో 22 ఏళ్ళుగా శుభలేఖలు కంపోజ్ చేస్తున్నాను. మీలో చాలామంది నాకు పని ఇచ్చినవాళ్ళే. కొందరికి నేనే ప్రూఫులు పంపుతుంటాను. ఒక్కొక్కరికీ విడిగా చెబితే మాట సగం దారిలోనే ఆగిపోతుందని, అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను. సన్నటి చేతిరాత ఫాంట్ల గురించి, వెంట్రుకవాసి గీతలతో, గాలికి ఊగే తీగల్లాంటి తోకలతో ఉండే అక్షరాల గురించి. అవంటే నాకు చాలా ఇష్టం. వాటిని మనం వాడుతున్న తీరు మాత్రం మారాలి.

ముందు నా తప్పు చెబుతాను. మొన్న మాఘంలో మా వీధిలోనే ఒక పెళ్ళి. శుభలేఖ కంపోజ్ చేసింది నేనే. పెళ్ళికూతురు ఫోన్‌లో పింటరెస్ట్ బొమ్మ చూపించి, "ఆంటీ, కార్డంతా ఇలాంటి రాతే కావాలి" అంది. ఆ అమ్మాయి ముచ్చటపడుతుంటే కాదనలేకపోయాను. పేర్లు, తేదీ, ముహూర్తం, వేదిక, అన్నీ ఆ సన్నటి రాతలోనే పెట్టాను. తెర మీద నూటయాభై శాతం పెంచి చూస్తే ముత్యాల్లా ఉన్నాయి. లేత గులాబీ రంగు కార్డు మీద బంగారు ఫాయిల్‌తో అచ్చయింది.

సుముహూర్తం రాత్రి గం. 7-52 ని.లకు. పెళ్ళికూతురి అమ్మమ్మకి తమ్ముడు, ఆ పిల్లని చిన్నప్పుడు ఎత్తుకు పెంచిన చిన్నతాత, శ్రీకాకుళం వైపు నుంచి రావాలి. ఆయన దాన్ని 1-52 అని చదువుకున్నారు. రాత్రి ముహూర్తాలు మనకి కొత్త కాదు కదా. భోజనాలు 8 గంటల నుంచి అని కార్డులో ఉన్నా, అలాంటి పెళ్ళిళ్ళలో భోజనాలు ముందే పెడతారు కాబట్టి ఆయనకి అనుమానమే రాలేదు. తీరిగ్గా రైలెక్కి, పదిన్నరకి మండపంలోకి వచ్చారు. అప్పటికి తలంబ్రాలు కూడా అయిపోయి, పనివాళ్ళు కుర్చీలు సర్దుతున్నారు. జేబులోంచి కార్డు తీసి, కళ్ళజోడు పైకెత్తి, వెలుతురు కింద పెట్టి మళ్ళీ మళ్ళీ చూసుకున్నారు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. "ఒకటి అనుకున్నానమ్మా" అన్నారంతే. ఆ మాట నాతో కాదు, పెళ్ళికూతురితో అన్నారు. పక్కనే నిలబడ్డ నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు ఆ కార్డు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఏడుకి పైన ఉండాల్సిన అడ్డగీత ఫాయిల్‌లో సగమే పడింది. అంతటితో అయిపోలేదు. పెళ్ళికూతురి పిన్ని పేరు సుధ. కార్డులో "సుద" అయింది. ధ కింద ఉండే చిన్న నిలువు ఒత్తు ఎగిరిపోయింది. మన తెలుగులో ద-ధ, ప-ఫ, డ-ఢ, చ-ఛ, ఇన్ని జంటల మధ్య తేడా ఆ బుల్లి గీతే. ప తలకట్టు జారి పక్క గీతకి అంటుకుంటే వ అయిపోతుంది. ఇంగ్లిష్‌లో ఒక సన్నగీత ఊడితే అక్షరం అందం తగ్గుతుంది. తెలుగులో అదే జరిగితే అక్షరమే మారిపోతుంది, మనిషి పేరు మారిపోతుంది.

ఇది ఎందుకు జరుగుతుందో మనందరికీ తెలుసు. పని ఒత్తిడిలో పట్టించుకోం, అంతే. ఫాంట్‌ని సాధారణంగా వెయ్యి యూనిట్ల చట్రంలో గీస్తారు. ఒక సన్నటి రాతలో గీత మందం 20 యూనిట్లు అనుకుందాం. దాన్ని 12 పాయింట్లలో పెడితే గీత మందం 0.24 పాయింటు. పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు, అందులో నాలుగో వంతు కూడా లేదన్నమాట. ఆఫ్‌సెట్‌లో మంచి ఆర్ట్ పేపర్ మీద నల్ల ఇంకుతో వేస్తే పావు పాయింటు గీత ఎలాగో నిలుస్తుంది. అదే గీతని స్క్రీన్ ప్రింటింగ్‌కి ఇస్తే మెష్ (ఇంకు దిగే సన్నటి వల) దారాల మధ్య తెగిపోతుంది. ఫాయిల్‌కి ఇస్తే, వేడి డై నొక్కినప్పుడు గరుకు కాగితం గుంటల్లోకి రేకు దిగదు. చేత్తో చేసిన కాగితమైతే ఇంకు పీల్చుకుని గీత పక్కలకి పాకుతుంది. అదే అక్షరాన్ని 40 పాయింట్లలో పెట్టండి, గీత 0.8 పాయింటు అవుతుంది. ఏ పద్ధతిలో వేసినా బతుకుతుంది. ఫాంట్‌లో లోపమేమీ లేదు, మనం పెట్టిన సైజు తప్పు, పెట్టిన చోటు తప్పు.

మెరూన్ రంగు మీద తెల్ల అక్షరాల సంగతీ చెప్పాలి. ఆ మెరూన్ ఒక్క ఇంకుతో వచ్చేది కాదు, రెండు మూడు ప్లేట్ల మీద నుంచి, అంటే ఒక్కో ఇంకుకి ఒక్కో అచ్చు రేకు మీద నుంచి, వచ్చేది. అందులో తెల్లగా వదిలిన సన్నగీత అన్ని ప్లేట్లలోనూ ఒకే చోట పడాలి. ఒక్క ప్లేటు వెంట్రుకవాసి జరిగినా ఆ గీత పూడుకుపోతుంది. సీజన్‌లో అర్ధరాత్రి రెండింటికి మిషన్ నడిపే కుర్రాడి మీద అరిస్తే లాభమేముంది? ఆ పని అతనికిచ్చింది మనం.

ఈ రాతలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకున్నాక నాకు వాటి మీద గౌరవం పెరిగింది. ఎడ్వర్డియన్ స్క్రిప్ట్, గ్రేట్ వైబ్స్ లాంటివి చూడండి. ఆ రకం రాతకి మూలం మొనదేలిన పాళీ. ఇంగ్లండులో 18వ శతాబ్దపు రాతగురువులు సాధన చేసిన రాత అది. కిందికి లాగేటప్పుడు నొక్కితే పాళీ రెండు మొనలూ విచ్చుకుని గీత లావవుతుంది. పైకి తీసేటప్పుడు నొక్కు ఉండదు, గీత సన్నబడుతుంది. లావూ సన్నమూ ఊపిరి తీసి వదిలినట్టు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. జర్మనీకి చెందిన అక్షరకళాకారుడు హెర్మన్ జాఫ్ 1944లో తన స్కెచ్‌బుక్కులో రాసుకున్న రాత జాఫినో అనే ఫాంట్‌గా బయటికి వచ్చింది 1998లో. అన్నేళ్ళు ఎందుకంటే, అంతంత పొడవు తోకలూ ఒకదాని మీదికి ఒకటి వచ్చే ఒంపులూ సీసం అచ్చుల్లో ఇమడవు. కంప్యూటర్ వచ్చాకే, ఒకే అక్షరానికి రకరకాల రూపాలు దాచిపెట్టి పక్క అక్షరాన్ని బట్టి మార్చుకునే వీలు దొరికింది. అంత సాధన చేసిన చేతిరాతని మనం "కల్యాణ వేదిక, పార్కింగ్ సౌకర్యం కలదు" అని రాయడానికి వాడుతున్నాం.

ఇంకా బాధ కలిగించేది, మన తెలుగుని ఆ ఇంగ్లిష్ అచ్చులోకి బలవంతంగా లాగడం. డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరెల్‌డ్రాలో తెలుగు అక్షరాలని పక్కకి వాల్చేస్తాం. ఆ వాలు ఇంగ్లిష్ పాళీ పట్టులోంచి వచ్చింది, మన చేతిలోంచి కాదు. పలచగా ఉందని అవుట్‌లైన్ ఇచ్చి లావు చేస్తాం, అప్పుడు సున్నా కడుపు పూడిపోతుంది. కార్డు వెడల్పుకి సరిపోవాలని అక్షరాల మధ్య ఎడం పెంచుతాం. పాత "అను" తెలుగు ఫాంట్లలో ఒత్తులు విడి అక్షరాలు కాబట్టి, ఎడం పెంచగానే ఒత్తు తల్లిని వదిలి పక్కింటికి వెళ్ళిపోతుంది. "శుభమస్తు"లో త ఒత్తు స కింద కాకుండా గాలిలో వేలాడుతున్న కార్డులు నా దగ్గర ఒక డబ్బా నిండా ఉన్నాయి.

మన సన్నగీతకి వేరే పుట్టిల్లుంది. అది గంటం. తాటాకు మీద ఇనుప గంటంతో గీస్తే గీత లావూ సన్నమూ కాదు, మొదలు నుంచి చివరిదాకా దాదాపు ఒకే మందం. గీసిన తర్వాత మసి పూసి తుడిస్తే గాడిలో నిలిచిన మసే అక్షరం. అడ్డంగా పదునైన గీత లాగితే ఆకు ఈనె వెంట చిరుగుతుంది కాబట్టే మన అక్షరం గుండ్రం తిరిగిందని పెద్దలు చెబుతారు. మన ఊళ్ళోనే, మల్లేశ్వరస్వామి గుడి దగ్గర చాళుక్య రాజు యుద్ధమల్లుని శాసనం ఉంది. 10వ శతాబ్దిది, మధ్యాక్కర అనే ఛందస్సులో పద్యాలు చెక్కిన రాయి. అది ఉలి అక్షరం. తాటాకు మీదిది గంటం అక్షరం. నాయనమ్మల ఉత్తరాల్లోది పాళీ అక్షరం. పనిముట్టు మారినప్పుడల్లా తెలుగు అక్షరం ఒళ్ళు మార్చుకుంది, కానీ నడక మార్చుకోలేదు.

ఆ నడకని చూడాలంటే ఎవరైనా పెద్దవాళ్ళు "శ్రీ" రాస్తుంటే చూడండి. శ పూర్తయ్యాక చేయి ఆగదు. గుడి మీదుగా దీర్ఘం చుట్టి, కిందికి దిగి, ర ఒత్తుని అక్షరం కడుపు కింద నుంచి ఎడమకి తిప్పి, తొట్టెలాగా చుట్టేస్తుంది. ఇంగ్లిష్ స్క్రిప్ట్‌కి తోకలు పెద్దక్షరం మొదట్లోనో, మాట చివర్లోనో వస్తాయి. మనకి అందం తలకట్టు విసురులో ఉంది, కొమ్ము తోకలో ఉంది, వట్రుసుడి చుట్టులో ఉంది, ఒత్తు కింద పరుచుకునే తీరులో ఉంది. "శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు" అనే మూడు మాటల్లో ఇవి దాదాపు అన్నీ ఉన్నాయి. మన శుభలేఖల్లో చాలావాటి నెత్తి మీద ఆ మూడు మాటలే ఉంటాయి. తెలుగు చేతిరాతకి అంతకన్నా మంచి అరుగు ఎక్కడ దొరుకుతుంది?

బాపు గారి చేతిరాత ఫాంట్‌గా వచ్చాక మనం దాన్ని ఎంత ప్రేమగా వాడుకున్నామో మీకు గుర్తుండే ఉంటుంది. తెలుగు చేతిరాత అచ్చులో నిలబడుతుందని ఆ ఒక్క చేయి చూపించింది. కానీ ఆ ఒక్క చేతినే పెళ్ళికీ, ఓణీల ఫంక్షన్‌కీ, రియల్ ఎస్టేట్ బ్రోచర్‌కీ వాడి వాడి అరగదీశాం. సిలికానాంధ్ర సంస్థ నుంచి లక్కిరెడ్డి అనే చేతిరాత ఫాంట్ ఉచితంగా, ఎవరైనా వాడుకుని మార్చుకోగల ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌తో దొరుకుతోంది. ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ వాడే యూనికోడ్ పద్ధతిలో ఉంది కాబట్టి వాట్సాప్‌లో వచ్చిన పేరు నేరుగా పేస్ట్ చేసుకోవచ్చు. అది కాస్త దళసరి రాత, శీర్షికలకి బాగుంటుంది. నేనడుగుతున్న నాజూకు రాత మాత్రం మన బజారులో నాకు ఇంకా దొరకలేదు.

ఎందుకు దొరకలేదో ఆలోచిస్తే తయారుచేసేవాళ్ళ మీద కోపం రాదు. ఇంగ్లిష్‌కి చిన్నా పెద్దా కలిపి 52 అక్షరాలు గీస్తే చాలావరకు పని అయిపోతుంది. మనకి ఒక్క క గుణింతమే ఒక వరస. అలాంటి వరసలు ముప్పైకి పైన, వాటి కింద ఒత్తులు, ఒత్తుకి మళ్ళీ కొమ్ము కలిస్తే వేరే సర్దుబాటు. చేతిరాత ఫాంట్‌కి అదీ చాలదు. "మమత" అని రాస్తే రెండు మ లూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండకూడదు. ఏ చేయీ ఒకే అక్షరాన్ని రెండుసార్లు ఒకేలా రాయదు. ఓపెన్‌టైప్ అనే ఫాంట్ పద్ధతిలో, ఒకే అక్షరం పక్కపక్కన వచ్చినప్పుడు రెండో రూపం దానంతటదే పడేలా పెట్టవచ్చు. కానీ ఆ రెండో రూపాన్ని ఒకరు గీయాలి కదా. నెలల పని అది. ఆ నెలలకి జీతం ఎవరివ్వాలి? ఫాంట్‌ని పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకుని వాడే అలవాటు మనలో ఉన్నంతకాలం ఎవరూ ఇవ్వరు. నేనూ ఏళ్ళ తరబడి అలా వాడినదాన్నే. ఇప్పుడు మానేశాను.

అందుకని మీ అందరినీ అడుగుతున్నాను. సన్నటి రాతని వధూవరుల పేర్లకి, నెత్తిన ఉండే మంగళవాక్యానికి మాత్రమే ఉంచండి. అక్కడ దానికి చుట్టూ తెల్లచోటు కావాలి, పెద్ద సైజు కావాలి. ముహూర్తం, వేదిక, ఫోన్ నంబర్లు, "బంధుమిత్రుల అభినందనలతో" కింద వచ్చే పేర్ల జాబితా, ఇవన్నీ మామూలు నిటారు అక్షరంలో, అరవై దాటినవాళ్ళు కళ్ళజోడు వెతుక్కోకుండా చదివే సైజులో పెట్టండి. నిజానికి రెండు రకాల అక్షరాలు పక్కపక్కన ఉన్నప్పుడే సన్నటిది ఇంకా సన్నగా, ఇంకా నాజూగ్గా కనిపిస్తుంది. కార్డంతా అదే అయితే కంటికి దేని మీదా నిలబడాలనిపించదు. చి.ల.సౌ.లో చుక్కల సంగతి మర్చిపోకండి, సన్నటి రాతలో ముందు మాయమయ్యేవి అవే. నాలుగు మూలలా పసుపు అద్దుతారు కాబట్టి మూలల్లోకి తోకలు పోనివ్వకండి. ఇంగ్లిష్ పేర్లని స్క్రిప్ట్ ఫాంట్‌లో అన్నీ పెద్దక్షరాలుగా వేయకండి. ఆ అక్షరాలు మాట మొదట్లో ఒక్కటే రావడానికి పుట్టాయి, ఐదారు పక్కపక్కన పెడితే చిక్కుపడిన దారపుండలా ఉంటాయి.

ప్రూఫ్‌ని తెర మీద పెంచి చూపించవద్దు. అసలు కాగితం మీద, అసలు సైజులో ఒక్క ప్రింట్ తీసి, పెళ్ళివారింట్లో అందరికన్నా పెద్దవాళ్ళ చేతికి ఇవ్వమని చెప్పండి. వాళ్ళు గట్టిగా చదవాలి. తడబడిన చోట పెన్సిల్‌తో గీత పెట్టమనండి. పది నిమిషాల పని. ఆ పెళ్ళి తర్వాత నేను అలాగే చేస్తున్నాను, ఇప్పటిదాకా ఒక్క కుటుంబం కూడా విసుక్కోలేదు. పైగా ఆ పెద్దాయనో పెద్దావిడో చదువుతుంటే ఇల్లంతా చుట్టూ చేరుతోందట. ఒకసారి ఒక నాయనమ్మ గోత్రం పేరులో తప్పు కూడా పట్టుకున్నారు.

ఫోన్‌లో పంపే కార్డులకి కూడా ఇదే పద్ధతి. వాట్సాప్ ఫోటోని కుదించినప్పుడు ముందు చెదిరేది సన్నగీతే. డాక్యుమెంట్‌గా పంపితే కొంత నయం.

బోర్డులు రాయించే చీరల షాపులవాళ్ళు, బొటిక్‌లవాళ్ళు, స్వీట్ షాపులవాళ్ళు కూడా ఈ రాతే అడుగుతున్నారు. మిఠాయి డబ్బా మూత మీద, చీర మడతలో పెట్టే చిన్న కార్డు మీద అది ఎంతో బాగుంటుంది, ఎందుకంటే దాన్ని మనిషి చేతిలో పట్టుకుని చూస్తాడు. ఏలూరు రోడ్డు మీద స్కూటర్‌పై వెళ్ళేవాడికి కనపడాల్సిన బోర్డు మీద అది అల్లుకుపోయిన తీగే. ఆ షాపు యజమానికి ఆ మాట మొహమాటపడకుండా మనమే చెప్పాలి. ఫ్లెక్స్ వచ్చాక బ్రష్షు పక్కనపెట్టిన పెయింటర్లు మన ఊళ్ళో ఇంకా ఉన్నారు. దూరం నుంచి చదవాల్సిన అక్షరం ఎంత లావుండాలో వాళ్ళకి చేతికి తెలుసు. ఒక్కసారి వాళ్ళని పిలిచి అడగండి.

ఇక చివరిగా నా కోరిక. మనమంతా కలిసి ఒక తెలుగు సన్నరాత తయారుచేయించుకుందాం. ఒకే మందం గీతతో, గంటం నడకతో, ఒత్తులు పరుచుకునే తీరుతో, మన శుభలేఖ కోసమే. ఒక్కో ప్రెస్సు తనకి వీలైనంత వేసుకుంటే, చేయి తిరిగిన ఒక రాతగాడికో రాతగత్తెకో, ఫాంట్ ఇంజనీరింగ్ తెలిసిన ఒకరికో కొన్ని నెలల జీతం ఇవ్వడం అసాధ్యం కాదు. తయారయ్యాక ఓపెన్ లైసెన్స్‌తో వదిలేద్దాం, గుంటూరు వాళ్ళూ వాడుకుంటారు, గుంతకల్లు వాళ్ళూ వాడుకుంటారు. దానికి నా వంతుగా ఒక నెల సంపాదన ఇస్తాను. ప్రూఫులు చూసే పని, ప్రతి ఒత్తునీ ప్రతి గుణింతాన్నీ కాగితం మీద పరీక్షించే పని నేను చేస్తాను.

ఆషాఢంలో ముహూర్తాలుండవు, మనకి పని పలచబడుతుంది. అప్పుడు ఒక ఆదివారం ఉదయం మా గదిలో కలుద్దాం. ఇరవైమంది దాకా పడతారు, ఎక్కువమంది వస్తే మేడ మీద చాపలు వేస్తాను. వచ్చేటప్పుడు మీ ఇంట్లో ఇనుప పెట్టెల్లో ఎక్కడైనా పాత ఉత్తరాలుంటే తీసుకురండి. కార్డులు, ఇన్‌లాండ్ లెటర్లు, పద్దు పుస్తకాలు, ఏవైనా సరే. "ఉభయకుశలోపరి" అని మొదలయ్యేవి తప్పకుండా తెండి, ఆ ఒక్క మాటలో కొమ్ము ఉంది, గుడి ఉంది, ఓత్వం ఉంది, మూడూ ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు. మా అమ్మ 1981లో నర్సరావుపేట నుంచి మా నాన్నకి రాసిన ఉత్తరాలు నా దగ్గర పదకొండు ఉన్నాయి. అవి బల్ల మీద పరిచి ఉంచుతాను.

ఇట్లు,
గవర్నర్‌పేట నుంచి ఒక డీటీపీ ఆపరేటర్